ఓడ మనది, ఇంజిన్ ఎవరిది?

2025 జూలై 18న విశాఖ నేవల్ డాక్‌యార్డులో ఐఎన్‌ఎస్ నిస్తార్ నౌకాదళంలో చేరింది. సముద్రం అడుగున జలాంతర్గామి ప్రమాదంలో చిక్కుకుంటే అందులోని మనుషులను పైకి తేవడానికి తోడ్పడే ఓడ ఇది. హిందుస్థాన్ షిప్‌యార్డు కట్టింది. 120 దాకా చిన్న, మధ్యతరహా పరిశ్రమలు ఇందులో చేయి వేశాయి. విలువ లెక్కన 80 శాతం వరకు స్వదేశీ అని నౌకాదళం చెప్పింది. ఇదే పేరుతో పూర్వం మరో ఓడ ఉండేది. దాన్ని 1969లో సోవియట్ యూనియన్ నుంచి తెచ్చుకున్నాం. 1971 డిసెంబరులో విశాఖ తీరానికి దగ్గర్లో మునిగిపోయిన పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ దగ్గరకు మన డైవర్లు దిగింది ఆ పాత నిస్తార్ సాయంతోనే. ఆ ఘాజీ అమెరికాలో పుట్టి పాకిస్తాన్‌కు లీజుకు వెళ్లిన జలాంతర్గామి. దాన్ని ముంచిందని మనం చెప్పుకునే ఐఎన్‌ఎస్ రాజ్‌పుత్ బ్రిటన్ వాడి వదిలేసిన డిస్ట్రాయర్. ఘాజీ దేనికోసం వెతుక్కుంటూ వచ్చిందో ఆ విమానవాహక నౌక విక్రాంత్ కూడా బ్రిటన్ ఓడల రేవులో మొదలైనదే. అంటే మన గుమ్మం ముందు జరిగిన ఆ పోరు కథలోని ఈ ఓడల్లో ఒక్కటి కూడా పోరాడిన రెండు దేశాల్లో తయారైంది కాదు. అక్కడి నుంచి విశాఖ గాంధీగ్రామ్‌లో కట్టిన నిస్తార్ దాకా వచ్చామంటే అది చిన్న ప్రయాణం కాదు. అయితే ఈ కొత్త ఓడ ఏ పనికోసం పుట్టిందో ఆ పని చేసే వాహనం, అంటే నీటి అడుగుకు దిగి మనుషులను ఎక్కించుకునే చిన్న రక్షక జలాంతర్గామి, బ్రిటన్ సంస్థ దగ్గర కొన్నది. ఒళ్లు మనది, గుండె అరువుది. భారత రక్షణ వ్యయం, ఆయుధ దిగుమతుల గురించి గత పదేళ్లుగా వెలువడుతున్న అంకెలన్నిటినీ ఈ ఒక్క ఓడ పక్కన నిలబెట్టి చూడాలని నా వాదన. దిగుమతులు ఎంత శాతం తగ్గాయన్నది రెండో ప్రశ్న. ఏది ఆగిపోతే మన ఆయుధం ఆగిపోతుందో ఆ భాగం ఎవరి చేతిలో ఉందన్నది మొదటి ప్రశ్న. మన చర్చలో మొదటి ప్రశ్న వినబడటం లేదు.

ఇది ఢిల్లీలో తేలే వ్యవహారం, చోడవరంలో కూర్చుని మాట్లాడుకునేది కాదని అనుకోనక్కర్లేదు. 2022 ఏప్రిల్‌లో అనకాపల్లి జిల్లాలోకి మారినా, చోడవరం బతుకు విశాఖతో ముడిపడే ఉంది. డాక్‌యార్డు అప్రెంటిస్ పరీక్షకు, నౌకాదళంలో ఉద్యోగానికి ఈ చుట్టుపక్కల పిల్లలు ఏటా చదువుతూనే ఉంటారు. ఇదే జిల్లాలోని రాంబిల్లి తీరంలో నౌకాదళానికి కొత్త స్థావరం వస్తోంది. దానికోసం మత్స్యకార గ్రామాలు నేల వదులుకున్నాయి. తూర్పు నౌకాదళ కేంద్రం, అణు జలాంతర్గాములు కట్టే కేంద్రం, టార్పెడోలు రూపొందించే నావల్ సైన్స్ అండ్ టెక్నలాజికల్ లేబొరేటరీ, వాటిని తయారుచేసే భారత్ డైనమిక్స్ యూనిట్, హిందుస్థాన్ షిప్‌యార్డు అన్నీ ఒకే నగరంలో ఉన్న చోటు దేశంలో మరొకటి కనబడదు. రక్షణ బడ్జెట్ అన్న మాట వినగానే దాని ఫలితాన్నీ, దాని ధరనూ కంటితో చూడగలిగిన ప్రాంతం మనది. కాబట్టి ఆ లెక్కను నిలదీసే హక్కు కూడా మనకు ఉంది.

ముందు ఖర్చు సంగతి. 2013-14లో రక్షణ శాఖ కేటాయింపు 2,53,346 కోట్ల రూపాయలు. 2025-26లో అది 6,81,210 కోట్లు. పన్నెండేళ్లలో రెండున్నర రెట్లు దాటింది. ఈ అంకెను చూపి ఒకరు గర్వపడతారు, ఇంకొకరు బెంగపడతారు. ఇద్దరూ దేశ ఆదాయాన్ని పక్కన పెట్టి చూస్తున్నారు. 1980ల చివర స్థూల దేశీయోత్పత్తిలో 3 శాతం దాటిన రక్షణ వ్యయం 2025-26లో 1.9 శాతం దగ్గర ఉంది. రూపాయల్లో పెరిగింది, వాటాలో తగ్గింది. స్టాక్‌హోం శాంతి పరిశోధన సంస్థ సిప్రీ లెక్క ప్రకారం 2024లో మన సైనిక వ్యయం 86.1 బిలియన్ డాలర్లు, ప్రపంచంలో ఐదో స్థానం. చైనా ఖర్చు 314 బిలియన్లని ఆ సంస్థ అంచనా, అంటే మనకు మూడున్నర రెట్ల పైన. ఆ పరుగులో డబ్బుతో పోటీపడటం మనవల్ల కాదు, పడాల్సిన పనీ లేదు. చూడాల్సింది ఉన్న డబ్బు ఎటు పోతోందన్నది. 6.81 లక్షల కోట్లలో 1,60,795 కోట్లు పింఛన్లు. దాదాపు 24 శాతం. జీతాలు, ఇంధనం, మరమ్మతులు, రోజువారీ నిర్వహణకు మూడు లక్షల కోట్ల పైన. కొత్త ఆయుధాలు, ఓడలు, విమానాలు కొనే మూలధన పద్దు 1,80,000 కోట్లు. రక్షణ పరిశోధన సంస్థ డీఆర్‌డీఓకు వచ్చింది 26,816 కోట్లు, మొత్తంలో నాలుగు శాతం కూడా లేదు. సైనికుడి పింఛనుకు ఎవరూ అడ్డు చెప్పరు, చెప్పకూడదు. ఉత్తరాంధ్రలో ఎన్ని ఇళ్లు ఆ పింఛను మీద నిలబడ్డాయో మనకు తెలుసు. కానీ రేపటి ఆయుధాన్ని కనిపెట్టే పద్దు పింఛను పద్దులో ఆరో వంతు మాత్రమే ఉన్నప్పుడు, రేపటి ఆయుధం కోసం ఎవరి ఇంటికి వెళ్లి నిలబడతామో ముందే రాసిపెట్టుకున్నట్టే.

ఇక దిగుమతులు. విశాఖ బీచ్ రోడ్డు మీద నడిచినవాళ్లు ఈ చరిత్రను తమకు తెలియకుండానే చూసేశారు. ఇసుకలో నిలిపిన కురుసుర జలాంతర్గామి 1969లో సోవియట్ యూనియన్ నుంచి వచ్చింది. రోడ్డుకు అటువైపు ఉన్న టీయూ-142 విమానమూ అక్కడిదే. 2010-14 మధ్య మన ఆయుధ దిగుమతుల్లో రష్యా వాటా 72 శాతమని సిప్రీ లెక్క. 2015-19లో అది 55కు, 2020-24లో 36కు దిగింది. ఆ తగ్గిన చోటును ఫ్రాన్స్ 33 శాతంతో, ఇజ్రాయెల్ 13 శాతంతో నింపాయి. మొత్తం మీద 2015-19తో పోలిస్తే 2020-24లో మన దిగుమతులు 9.3 శాతం తగ్గాయి. చాలాకాలం ప్రపంచంలో అందరికన్నా ఎక్కువ ఆయుధాలు కొన్న దేశం మనది. యుద్ధంలో ఉన్న ఉక్రెయిన్ ఇప్పుడు మనను దాటిపోవడంతో రెండో స్థానానికి వచ్చాం. ఇక్కడ రెండు మెలికలు ఉన్నాయి. సిప్రీ లెక్కించేది చెల్లించిన డబ్బును కాదు, చేరిన ప్రధాన ఆయుధాల సైనిక విలువను. ఆయుధ కొనుగోళ్లు ఏటా సమానంగా రావు కాబట్టే ఐదేళ్ల సగటు తీస్తారు. అందువల్ల ఈ 9.3 శాతం తగ్గుదలలో కొంత మన తయారీ పెరగడం వల్ల, కొంత రష్యా నుంచి రావాల్సినవి ఆలస్యం కావడం వల్ల, కొంత ఆర్డర్ల వరుస వల్ల వచ్చింది. 2025 ఏప్రిల్‌లో నౌకాదళం కోసం 26 రాఫెల్ విమానాలకు దాదాపు 63,000 కోట్లతో ఒప్పందం కుదిరింది. అమెరికా నుంచి 31 ఎంక్యూ-9బీ డ్రోన్లకు 2024 అక్టోబరులోనే సంతకాలు అయ్యాయి. అవన్నీ చేరే ఏళ్లలో ఈ గీత మళ్లీ పైకి లేస్తే ఆశ్చర్యపడనక్కర్లేదు.

స్వదేశీ శాతం అన్న అంకె ఇంతకంటే ఎక్కువ తికమక పెడుతుంది. మన కొనుగోలు నిబంధనల్లో స్వదేశీ వాటాను ధర ప్రకారం లెక్కిస్తారు. నూరు రూపాయల వస్తువులో డెబ్బై ఐదు రూపాయల పని ఇక్కడ జరిగితే అది 75 శాతం స్వదేశీ. లెక్క సరైనదే. కానీ మిగిలిన పాతిక రూపాయల్లో ఏముందో ఆ లెక్క చెప్పదు. అనకాపల్లి ప్రాంతంలో బెల్లం వండేవాళ్లను అడగండి. తోట మనది, పెనం మనది, పొయ్యి మనది, కూలీలు మన ఊరివాళ్లు. గానుగ మోటారు ఒక్కటి పక్కవాడిది, వాడు ఇచ్చినప్పుడే ఆడుతుంది. అప్పుడు ఆ ఏటి బెల్లంలో ఎంత శాతం మనదని లెక్కేసుకుంటే ఏం లాభం? 2021 నవంబరులో నౌకాదళంలో చేరిన డిస్ట్రాయర్‌కు మన నగరం పేరే పెట్టారు, ఐఎన్‌ఎస్ విశాఖపట్నం. ముంబయి మజగావ్ డాక్‌లో కట్టిన గొప్ప ఓడ. అందులో 75 శాతం స్వదేశీ. దాన్ని నడిపే గ్యాస్ టర్బైన్లు మాత్రం ఉక్రెయిన్‌లోని మికొలాయివ్ నగరంలో జోర్యా సంస్థ తయారుచేసినవి. ఆ ఓడ చేరిన మూడు నెలలకే ఉక్రెయిన్ మీద యుద్ధం మొదలైంది. అదే సంస్థ టర్బైన్లతో నడిచే యుద్ధనౌకలను రష్యాలో కట్టించుకోవాల్సి వచ్చినప్పుడు, ఉక్రెయిన్ తన ఇంజిన్లను రష్యాకు అమ్మదు కాబట్టి, మనమే ఉక్రెయిన్ దగ్గర కొని రష్యా ఓడల రేవుకు చేర్చాం. అలా తయారైనవే 2024 డిసెంబరులో వచ్చిన తుషిల్, 2025 జూలైలో వచ్చిన తమాల్. కొట్టుకుంటున్న ఇద్దరి మధ్య నిలబడి మన ఓడకు మనం గుండె తెచ్చుకోవాల్సి వచ్చింది.

తేజస్ విమానం కథ ఇంకా సూటిగా ఉంటుంది. 2021 ఫిబ్రవరిలో వాయుసేన 83 తేజస్ మార్క్-1ఏ విమానాలు కోరింది. ఒప్పందం విలువ దాదాపు 48,000 కోట్లు. మొదటి విమానం 2024 మార్చి నాటికి రావాలి. విమానం ఒళ్లు సిద్ధం, అమెరికా జీఈ సంస్థ ఎఫ్-404 ఇంజిన్ రాలేదు. ఆ వరుసలో మొదటి ఇంజిన్ చేతికి అందింది 2025 మార్చిలో. ఇంజిన్ ధర విమానం ధరలో ఓ భాగమే, అది రాకపోతే ఆగేది మాత్రం మొత్తం విమానం. ఆలస్యానికి ఇంజిన్ ఒక్కటే కారణమని అనడం లేదు, పరీక్షల్లోనూ సాఫ్ట్‌వేర్‌లోనూ మన జాప్యం మనకుంది. ఇంత జరిగాక 2025 నవంబరులో మరో 113 ఇంజిన్లకు అదే తలుపు తట్టాం. వేరే తలుపు లేదు. 1961లో ఎగిరిన మన మొదటి జెట్ యుద్ధ విమానం మారుత్‌కూ ఇదే లోటు. విమానం చక్కగా కుదిరింది, దానికి తగ్గ బలమున్న ఇంజిన్ బయట దొరకలేదు, మనం చేసుకోలేదు. ఆ లోటు తీర్చాలని 1989లో కావేరి ఇంజిన్ ప్రాజెక్టుకు 382 కోట్లు మంజూరు చేశారు. 2008లో దాన్ని తేజస్ నుంచి విడదీశారు. ఇంజిన్ అంటే లోహశాస్త్రం, పరీక్షా కేంద్రాలు, దశాబ్దాల ఓపిక. అమెరికా, బ్రిటన్, ఫ్రాన్స్, రష్యా తరాల తరబడి పోసిన డబ్బుకు ఎదురుగా మనం ఒక ప్రాజెక్టు పెట్టి, ఫలితం రాలేదని విసుక్కున్నాం.

మనవాళ్లకు చేతకాదు అనేవాళ్లకు జవాబు హైదరాబాదులో ఉంది. 1983లో అబ్దుల్ కలాం నాయకత్వంలో సమగ్ర క్షిపణి కార్యక్రమానికి 388 కోట్ల రూపాయలు ఇచ్చారు. మూడేళ్ల తర్వాత బోఫోర్స్ కంపెనీకి 410 ఫిరంగుల కోసం ఒప్పుకున్న సొమ్ము 1,437 కోట్లు. ఈ రెండు అంకెలనూ పక్కపక్కన పెట్టి చూడమని అడుగుతున్నాను. ఆ 388 కోట్లతో మొదలైన పని నుంచే 1988లో పృథ్వి, 1989లో అగ్ని ఎగిరాయి. ఆకాశ్ ఆలస్యంగా వచ్చినా వచ్చింది. 2025 మే నెలలో ఆపరేషన్ సిందూర్ సమయంలో మన ఆకాశాన్ని కాసింది, ఆర్మేనియాకు అమ్ముడుపోయింది. 1987లో ఏడు సంపన్న దేశాలు క్షిపణి పరిజ్ఞానం ఎవరికీ చేరకుండా కట్టుబాటు చేసుకున్నాయి. తలుపు మూశారు కాబట్టి నేర్చుకోక తప్పలేదు. హైదరాబాదు కంచన్‌బాగ్‌లో 1973లో పెట్టిన మిధాని సంస్థ ప్రత్యేక లోహాలు కాచింది. అణు జలాంతర్గామి విషయమూ అంతే. దాన్ని మనకు ఎవరూ అమ్మలేదు. రష్యా రెండుసార్లు లీజుకు ఇచ్చింది, 1988లో ఒకసారి, 2012లో మరోసారి, రెండూ తిరిగి వెళ్లిపోయాయి. సొంతంగా కట్టిన అరిహంత్ 2009 జూలై 26న విశాఖలోనే నీటిలోకి దిగింది. రష్యా నిపుణుల సాయం ఉంది, దాచనక్కర్లేదు. కానీ నేర్చుకున్నది ఇక్కడే మిగిలింది, దాని తోబుట్టువు అరిఘాత్ 2024 ఆగస్టులో విశాఖలోనే నౌకాదళంలో చేరింది. ఎక్కడ కొనుక్కునే దారి లేదో అక్కడ నిలబడ్డాం. ఎక్కడ కొనుక్కునే దారి ఎప్పుడూ తెరిచే ఉందో అక్కడ, అంటే యుద్ధ విమానం ఇంజిన్ దగ్గర, టర్బైన్ దగ్గర, డెబ్బై ఏళ్లుగా గుమ్మంలోనే ఉన్నాం.

అయితే ఆంక్షలు పెడితేనే బాగుపడతామా అని ఎవరైనా అడిగితే, కాదు. క్షిపణులకు కలిసొచ్చింది ఆంక్ష ఒక్కటే కాదు. ఒకే లక్ష్యం, మధ్యలో ఆగని డబ్బు, విఫలమైనా ప్రాజెక్టును చంపని ప్రభుత్వం, ప్రయోగశాల పక్కనే కర్మాగారం. ఇవి కుదరని చోట అదే కార్యక్రమంలోని మరో క్షిపణి ఏమైందో చూడండి. ట్యాంకులను కొట్టే నాగ్ కూడా 1983లోనే మొదలైంది. దాన్ని మోసే ట్రాక్ వాహన వ్యవస్థ కోసం 1,801 కోట్ల ఒప్పందం మీద సంతకం పడింది 2025 మార్చిలో. నలభై రెండేళ్లు. ఎందుకంటే ఆ రంగంలో కొనుక్కునే దారి ఎప్పుడూ మూతపడలేదు. భారత్ డైనమిక్స్ 1970లో పుట్టగానే చేపట్టిన పని ఫ్రెంచి వాళ్ల ఎస్ఎస్-11 క్షిపణిని లైసెన్స్ మీద చేయడం. తర్వాత ఫ్రాన్స్ మిలాన్, రష్యా కాంకర్స్ వరసగా వచ్చాయి. లైసెన్స్ తయారీ కార్మికుడికి చేతిపని నేర్పుతుంది, కాదనను. ఒక డిజైన్ ఎందుకు అలా ఉందో మాత్రం నేర్పదు. పాత క్షిపణి కాలం తీరగానే కొత్త లైసెన్స్ కోసం మళ్లీ వెళ్లాలి. బోఫోర్స్ ఫిరంగితో పాటు దాని డ్రాయింగులు కూడా మనకు వచ్చాయి. ఆ ఒప్పందం మీద రేగిన ముడుపుల గొడవలో ఎవరూ వాటి జోలికి పోలేదు. ఆ కాగితాల ఆధారంగా జబల్పూర్‌లో తయారైన ధనుష్ ఫిరంగి సైన్యానికి అందింది 2019లో. పరిజ్ఞానం బీరువాలో దశాబ్దాల పాటు నిద్రపోయింది.

ముడుపుల ప్రస్తావన వచ్చింది కాబట్టి విశాఖకు సంబంధించిన ఇంకో ఉదాహరణ చెప్పాలి. ఫ్రాన్స్ డిజైన్‌తో ముంబయిలో కట్టిన కల్వరి తరగతి జలాంతర్గాముల కోసం ఇటలీ నుంచి బ్లాక్ షార్క్ టార్పెడోలు 98 కొనాలనుకున్నారు. ఆ టార్పెడోలు చేసే కంపెనీ మాతృసంస్థ హెలికాప్టర్ల కుంభకోణంలో ఇరుక్కోవడంతో ఆ కొనుగోలు రద్దయింది. అవినీతి మీద చర్య తీసుకోవాల్సిందే. కానీ 2017 డిసెంబరులో కొత్త జలాంతర్గామి దానికి తగ్గ కొత్త టార్పెడో లేకుండా సముద్రంలోకి వెళ్లింది. విశాఖ ప్రయోగశాల రూపొందించిన వరుణాస్త్ర అంతకు ముందే, 2016లో, నౌకాదళానికి అందింది. 95 శాతం స్వదేశీ అని దాని మీద లెక్క. అయితే అది ఓడల కోసం చేసింది. జలాంతర్గామి నుంచి వదిలే ఎలక్ట్రానిక్ హెవీవెయిట్ టార్పెడోను డీఆర్‌డీఓ వేరేగా తయారుచేసుకోవాల్సి వచ్చింది. దాన్ని మన జలాంతర్గామిలో అమర్చడానికి 2024 డిసెంబరులో ఫ్రాన్స్ సంస్థ నావల్ గ్రూప్‌కు 877 కోట్లు ఇవ్వడానికి ఒప్పుకున్నాం. టార్పెడో మనది, జలాంతర్గామి కట్టిన రేవు మనది, ఈ రెండింటినీ కలిపే తాళంచెవి ఫ్రాన్స్‌ది. ఏడాది తిరిగేసరికి, 2025 డిసెంబరు చివర, ఇటలీ సంస్థ దగ్గరే 48 టార్పెడోలకు 1,896 కోట్లతో ఒప్పందం చేసుకున్నాం. దిగుమతి అంటే వస్తువు ధర ఒక్కటే కాదని, ఆ వస్తువును మన ఇష్టం వచ్చినట్టు మార్చుకునే హక్కు కూడా అమ్మినవాడి దగ్గరే ఉండిపోతుందని దీన్ని మించి చూపే ఉదాహరణ నాకు తెలియదు.

ఇప్పుడు అభ్యంతరాలు. మొదటిది బలమైనది. బయట కొంటే త్వరగా, నాణ్యంగా, చవకగా వస్తుంది, మన ప్రభుత్వ సంస్థలకు ఇస్తే ఏళ్లు గడిచిపోతాయి అంటారు. రుజువుగా మన హిందుస్థాన్ షిప్‌యార్డునే చూపిస్తారు. సింధుకీర్తి జలాంతర్గామిని 2006లో మరమ్మతుకు తెచ్చి 2015లో గానీ తిరిగి ఇవ్వలేకపోయారు. తొమ్మిదేళ్లు. ఇందులో షిప్‌యార్డు తప్పు లేదనను. కానీ అది సోవియట్‌లో కట్టిన జలాంతర్గామి, దాని ప్రతి గొట్టం, ప్రతి తీగ ఇంకొకరి భాషలో ఉన్నాయి. ఇక్కడివాళ్లకు ఆ స్థాయి మరమ్మతు కొత్త. ఒకసారి నేర్చుకున్నాక ఏమైంది? సింధువీర్ అన్న మరో జలాంతర్గామిని అదే షిప్‌యార్డు బాగుచేసి ఇస్తే 2020లో దాన్ని మయన్మార్ నౌకాదళానికి అప్పగించాం. ఆ తొమ్మిదేళ్లు మనం కట్టిన చదువు రుసుము. ఇక బయటివాళ్ల వేగం, ధర సంగతి. 2004లో రష్యా విమానవాహక నౌక గోర్ష్‌కోవ్‌ను బాగుచేసి ఇస్తామని 97 కోట్ల డాలర్లకు ఒప్పుకుంది, 2008కి ఇస్తామంది. చివరికి ధర 230 కోట్ల డాలర్లు దాటింది, విక్రమాదిత్య పేరుతో ఓడ చేరింది 2013 నవంబరులో. ఆలస్యం ఒక్క మన జబ్బు కాదు. తేడా ఒక్కటే, మన దగ్గర జరిగిన ఆలస్యంలో ఖర్చైన డబ్బు మన వెల్డరుకు, మన ఇంజినీరుకు చేరి కొంత విద్యగా మారుతుంది.

రెండో అభ్యంతరం, ఒకరి మీదే ఆధారపడటం మానేశాం కదా, నలుగురి దగ్గర కొంటున్నాం కదా, ఇంకేం ప్రమాదం అన్నది. ఇందులో కొంత నిజముంది. 1965 యుద్ధంలో అమెరికా ఆయుధ సరఫరా ఆపినప్పుడు వచ్చిన ఇబ్బంది, ఒకే దేశం మీద వాలకూడదని నేర్పింది. కానీ నలుగురి దగ్గర కొన్నవాడు నాలుగు రకాల విడిభాగాలు, నాలుగు రకాల శిక్షణ, నాలుగు రకాల ఒప్పందాలు మోయాలి. పైగా 2018లో రష్యాతో చేసుకున్న ఎస్-400 ఒప్పందంలోని ఐదు దళాల్లో చివరి రెండూ ఉక్రెయిన్ యుద్ధం వల్ల అనుకున్న సమయానికి రాలేదు. అమెరికా ఇంజిన్ ఆగిపోయిన ఉత్పత్తి వరుసను మళ్లీ మొదలుపెట్టడంలో, కరోనా నాటి సరఫరా చిక్కుల్లో ఆలస్యమైంది. ఇద్దరు అమ్మకందార్లకూ మనమీద కోపం లేదు. వాళ్ల కష్టాలు వాళ్లవి, ఆగింది మాత్రం మన విమానం. సరఫరాదారులను మార్చడం అప్పు ఇచ్చే షావుకారును మార్చడం లాంటిది. మంచి షావుకారు దొరకొచ్చు. అప్పు తీరదు.

మూడోది ఎగుమతుల లెక్క. 2013-14లో 686 కోట్లున్న రక్షణ ఎగుమతులు 2024-25లో 23,622 కోట్లకు చేరాయి. బ్రహ్మోస్ క్షిపణులు 2024 ఏప్రిల్‌లో ఫిలిప్పీన్స్ చేరాయి. దేశంలో రక్షణ ఉత్పత్తి లక్షన్నర కోట్లు దాటింది. 2024-25లో రక్షణ శాఖ సంతకం చేసిన 2.09 లక్షల కోట్ల ఒప్పందాల్లో 1.68 లక్షల కోట్లు దేశీయ సంస్థలకే వెళ్లాయి. ఇవన్నీ నిజమైన విజయాలు, వీటిని తక్కువ చేసి మాట్లాడటం నాకిష్టం లేదు. అయితే ఆ ఏడాది ఎగుమతులు మొత్తం కలిపినా ఆ 26 రాఫెల్‌ల ధరలో సగానికి రావు. బ్రహ్మోస్ కూడా రష్యాతో ఉమ్మడి సంస్థ బిడ్డ. సంతోషిద్దాం, కానీ పని ముగిసిందని పొరపాటు పడకూడదు.

చివరి అభ్యంతరం మన ఊళ్లలో ఎక్కువ వినబడేది, నాకు అన్నిటికన్నా గౌరవం ఉన్నది. ఉమ్మడి విశాఖ జిల్లాలో సహకార చక్కెర కర్మాగారాలు ఒకదాని తర్వాత ఒకటి మూతపడ్డాయి. ఏజెన్సీలో ఇప్పటికీ డోలీ కట్టి రోగిని మోసుకొచ్చే దారులున్నాయి. అలాంటప్పుడు ఏడు లక్షల కోట్లకు దగ్గరగా ఆయుధాలకు పోయడం న్యాయమా అని అడుగుతారు. చైనా, పాకిస్తాన్‌లతో సరిహద్దులున్న దేశం ఆ ఖర్చు మానుకోలేదు, 1962 ఆ పాఠం చెప్పింది. కానీ ప్రశ్నలోని బాధను పక్కన పెట్టలేం. దానికి నిజాయితీగా ఇవ్వగల జవాబు ఒక్కటే. ఖర్చు చేయక తప్పని రూపాయి ఈ నేల మీదే తిరగాలి. నౌకాదళానికి ఇంధనం మోసే ఓడల చరిత్ర చూడండి. జ్యోతి రష్యా నుంచి కొన్నది, 2011లో వచ్చిన దీపక్, శక్తి ఇటలీలో కట్టించినవి. ఆ పనికే 2023 ఆగస్టులో ఐదు ఓడల ఆర్డరు హిందుస్థాన్ షిప్‌యార్డుకు వచ్చింది. ఒక్కొక్కటి 44,000 టన్నులు, మొత్తం 19,000 కోట్ల పైన. 1948లో జల ఉష ఓడను నీటిలోకి దింపిన షిప్‌యార్డుకు, 2010లో రక్షణ శాఖ కిందికి వచ్చిన, ఏళ్ల తరబడి నష్టాలతో ఈడ్చుకొచ్చిన షిప్‌యార్డుకు, ఇంత పెద్ద పని ఎన్నడూ దొరకలేదు. ఆ డబ్బు ఇటలీ వెళ్తే చోడవరం కుర్రాడికి మిగిలేది వార్త. గాజువాక వైపు వస్తే మిగిలేది పని, చేతిలో విద్య. రాంబిల్లిలో నేల ఇచ్చిన మత్స్యకారుల బిడ్డలకు అందులో ఎంత దక్కిందన్నది ప్రజాప్రతినిధులు ఏటా లెక్క చెప్పాల్సిన విషయం.

అయితే ఆ ఐదు ఓడల తర్వాత ఏమిటి? ఓడల రేవు చెరకు మిల్లు లాంటిది. క్రషింగ్ మధ్యలో ఆగితే యంత్రం చెడుతుంది, పనివాళ్లు వేరే దారి చూసుకుంటారు. ఐదేళ్లు పని ఇచ్చి పదేళ్లు ఖాళీగా ఉంచితే నేర్చుకున్న వెల్డరు గల్ఫ్‌కు వెళ్లిపోతాడు, మళ్లీ సింధుకీర్తి దగ్గరకే వస్తాం. నా తీర్పు ఇది. దిగుమతుల శాతం తగ్గిందని ప్రకటించుకోవడం ఆపి, ఇంజిన్, టర్బైన్, శత్రువును పసిగట్టే సెన్సర్, ప్రత్యేక లోహం అనే నాలుగింటి మీద 1983 నాటి క్షిపణి కార్యక్రమంలా ఇరవై ఏళ్ల పాటు కోత పడని పద్దు పెట్టాలి. ప్రభుత్వం మారినా ఆ పద్దు మారకూడదు. మొదటి నాలుగు ఇంజిన్లు పేలిపోయినా ఐదోదానికి డబ్బు ఇవ్వాలి. స్వదేశీ శాతంతో పాటు ప్రతి ఓడకూ, ప్రతి విమానానికీ బయటినుంచి వచ్చిన ఏ భాగం ఆగితే అది ఆగిపోతుందో పార్లమెంటు స్థాయీ సంఘానికి చెప్పే కట్టుబాటు ఉండాలి. రహస్యాలు బయటపెట్టమని కాదు, అడిగే చోట అడగమని. ఏటా ఫిబ్రవరి 1న బడ్జెట్ వచ్చినప్పుడు పత్రికల్లో రక్షణ మొత్తం అంకె పెద్ద అక్షరాల్లో పడుతుంది. చదివేవాళ్లు దాని దగ్గరే ఆగవద్దు. కిందికి వెళ్లి పరిశోధనకు ఇచ్చిన పద్దు వెతకండి, నిరుటితో పోల్చండి. పెరగకపోతే మన ఎంపీని అడగండి.